‘మా భూమి’: మెప్పులో ఏకమాట, మిగతా అన్నిటా పేచీ

ఏటా సెప్టెంబరు 17 దగ్గరపడుతుంటే తెలంగాణలో ఒక పాత సినిమా మళ్లీ మాటల్లోకి వస్తుంది. 1948లో నిజాం లొంగిపోయిన ఆ రోజును విమోచన దినమనేవాళ్లున్నారు, విలీన దినమనేవాళ్లున్నారు, విద్రోహ దినమనేవాళ్లూ ఉన్నారు. ‘మా భూమి’ ప్రస్తావన రాగానే ముగ్గురూ సర్దుకుని కూర్చుంటారు. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాతలుగా 1979లో తయారైన ఈ నలుపు తెలుపు చిత్రం తెలంగాణ సినిమాకు తొలి మైలురాయి అంటే కాదనేవాళ్లు తక్కువ. 2013లో సీఎన్ఎన్-ఐబీఎన్ ప్రకటించిన వంద గొప్ప భారతీయ చిత్రాల జాబితాలో దీనికి చోటు దక్కింది. గొప్పదేనన్న దగ్గర అందరికీ కుదిరింది. ఎందుకు గొప్పది, ఏం చెప్పింది, ఏం చెప్పకుండా దాటేసింది అన్న దగ్గర నలభై ఏళ్లు దాటినా పేచీ తెగలేదు.

వాదం ఇంతగా చిక్కుపడటానికి కారణం ఒకటి కనిపిస్తుంది. ఈ సినిమా చుట్టూ మూడు వేర్వేరు తగువులున్నాయి: 1946-51 నాటి తెలంగాణ సాయుధ పోరాట చరిత్ర గురించి ఒకటి, తెలంగాణ కథను ఎవరు చెప్పాలన్నది ఇంకొకటి, రాజకీయ సినిమా కళ అవుతుందా అన్నది మరొకటి. ఒక తగువులో అడిగిన ప్రశ్నకు ఇంకో తగువులోంచి జవాబు చెబుతుంటారు. చరిత్ర తప్పిందని ఒకరంటే, ఫొటోగ్రఫీ చూడండి అని మరొకరంటారు. ఈ వ్యాసం ఆ మూడింటినీ విడదీసి చూడాలనుకుంటోంది. చూసే చోటు కూడా చెప్పాలి. సినిమా తీసింది పాత మెదక్ జిల్లా మంగళపర్తిలో. అదే జిల్లాకు పడమటి కొసన ఉన్న జహీరాబాద్ వైపు నుంచి చూస్తే, నల్లగొండ, వరంగల్ వైపు నుంచి చూసినప్పుడు కనపడని కొన్ని సంగతులు బయటపడతాయి.

ఒక పేరు, మూడు పుట్టుకలు

‘మా భూమి’ అన్న పేరు సినిమాకన్నా మూడు దశాబ్దాలు పెద్దది. జనగామ ప్రాంతంలోని కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ భూమి కోసం ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడి గెలిచాడు, ఆ గెలుపుకు ప్రాణం చెల్లించాడు. అవతలి పక్షానికి విసునూరు దేశ్‌ముఖ్ అండ ఉంది. ఆ ఉదంతం చుట్టూ సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో ‘మా భూమి’ నాటకం రాశారు. ప్రజానాట్యమండలి దళాలు ఆంధ్ర జిల్లాల్లో ఊరూరా ఆడాయి, ప్రభుత్వం నిషేధించింది. ఇది మొదటి పుట్టుక.

రెండోది ఉర్దూలో. తెలంగాణ పోరాటం మీద కృష్ణచందర్ రాసిన ‘జబ్ ఖేత్ జాగే’ నవల. ఉరికంబం ఎక్కబోయే యువకుడు రాఘవరావు జైలు గదిలో తన బతుకును నెమరు వేసుకోవడం దాని నడక. సినిమా కథ తీసుకున్నది ఈ నవల నుంచి, పేరు మాత్రం నాటకానిది. అందుకే ఇప్పటికీ కొందరు సినిమాను నాటకానికి తెర రూపమనుకుంటారు, బందగీ ఏడని వెతుకుతారు. తెరమీద బందగీ లేడు. రామయ్య ఉన్నాడు. వెట్టి కుటుంబంలో పుట్టి, లంబాడా పిల్ల చంద్రిని ఇష్టపడి, ఆమె దొర గడీకి వెళ్లక తప్పలేదని తెలిసి ఊరు విడిచి, హైదరాబాద్‌లో రిక్షా తొక్కి, కార్మిక సంఘంలో చదువూ రాజకీయమూ నేర్చుకుని, తిరిగొచ్చి సంఘం కట్టి, చివరికి సైన్యం తుపాకికి బలయ్యే మనిషి.

మూడో పుట్టుక 1970ల చివరిది. ఎమర్జెన్సీ అప్పుడే ముగిసింది. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో వేలాది రైతుకూలీలు జైత్రయాత్ర చేశారు, ఆ వెంటనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. అంటే ముప్పై ఏళ్ల కిందటి గడీల మీద సినిమా తయారవుతున్న కాలానికే కరీంనగర్ జిల్లాలో గడీల ముందు మళ్లీ జనం నిలబడి ఉన్నారు. తొలి ప్రేక్షకులు దీన్ని పాత కథగా చూడలేదు, పొద్దున పేపర్లో చదివిన కథగా చూశారు. ఈ సంగతి పక్కనపెట్టి సినిమాను తూచేవాళ్లు సగం బరువే తూస్తున్నారు.

చరిత్రా, పార్టీ చరిత్రా?

మొదటి తగువు వామపక్షాల ఇంట్లోనే పుట్టింది. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. ఆ తరవాత కూడా తుపాకి పట్టుకుని ఉండటం సబబేనా అన్న ప్రశ్న కమ్యూనిస్టులను నిలువునా చీల్చింది. అక్కడితో ఆపి ఉండాల్సిందని రావి నారాయణరెడ్డి పక్షం. పంచిన భూమిని కాపాడుకోవడానికి పోరు సాగక తప్పలేదని పుచ్చలపల్లి సుందరయ్య పక్షం. 1951 అక్టోబరులో విరమించడమే ద్రోహమని తరవాతి నక్సలైటు వర్గాలు. 1970ల మొదట్లో రావి నారాయణరెడ్డి, సుందరయ్య ఇద్దరూ పుస్తకాలు రాసి ఎవరి లెక్క వారు అప్పగించారు. సినిమా ఆ వేడి చల్లారకముందే వచ్చింది.

సినిమా ఎటు మొగ్గిందో చెప్పడం కష్టమేం కాదు. జనం తరిమేస్తే పారిపోయిన దొర ఖద్దరు కట్టి, సైన్యం అండతో మళ్లీ ఊళ్లో అడుగుపెడతాడు. రామయ్య చనిపోతాడు. పోరాటం ఆగలేదన్న సూచనతో కథ ముగుస్తుంది, విరమణ దాకా వెళ్లదు. మొదటి పక్షంవారికి ఇది అతివాదం. ఖద్దరు దొర దృశ్యం ఒక్కటి చాలు, 1948లో ఏం జరిగిందో చెప్పడానికి అని మూడో పక్షంవారు పొంగిపోతారు. నడిమి పక్షంవారిది మెప్పూ ముక్తసరి, విమర్శా ముక్తసరి: ఒక ఊరి కథలో మూడు వేల ఊళ్ల పోరాటం ఇమడలేదంటారు. కమ్యూనిస్టుల లెక్క ప్రకారం ఆ పోరాటంలో సుమారు మూడు వేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచారు, నాలుగు వేల మంది చనిపోయారు. అంత విస్తారం తెరకెక్కలేదన్న మాట నిజమే. ఏ సినిమాకూ సాధ్యం కాని పనిని ఈ సినిమాకు తప్పుగా అంటగట్టడం మాత్రం న్యాయంగా లేదు.

మరో పక్షం పార్టీలకు బయటిది. నిజాం పాలన అంతమవడాన్ని విముక్తిగా చూసేవారికి ఆ చివరి భాగం మింగుడుపడదు. సైన్యం వచ్చిందని ఊళ్లు ఊపిరి పీల్చుకున్న సంగతి ఏదీ అని వారి అడుగు. ఇదీ కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదు. నిజాం పక్షాన నిలిచిన రజాకార్ల దాడులు చవిచూసిన ఊళ్లలో ఆ ఊరట నిజంగా ఉంది. సినిమా రజాకార్లను దాచలేదు, అయితే దొర కర్రకు పొడిగింపుగా చూపింది తప్ప విడిగా నిలబెట్టలేదు. 2024లో యాట సత్యనారాయణ దర్శకత్వంలో వచ్చిన ‘రజాకార్’ సరిగ్గా దీన్ని తలకిందులు చేసింది. అందులో మతం ముందుకొచ్చింది, భూమి వెనక్కు జరిగింది. రెండు సినిమాలనూ ఒకే చరిత్రకు రెండు వెర్షన్లుగా పక్కపక్కన పెట్టే అలవాటు ఈమధ్య మొదలైంది. ఆ పోలిక ‘మా భూమి’కి చేసిన మేలు కన్నా కీడే ఎక్కువ. వెట్టి గురించీ, పట్వారీ రాసిన దొంగ లెక్క గురించీ అడగాల్సినవాళ్లు కూడా ఎవరి మతం ఎంత కనపడిందని కొలవడం మొదలుపెట్టారు.

బీదర్ వైపు నుంచి చూస్తే

ఈ వాదాల్లో దాదాపు అన్నీ నల్లగొండ, వరంగల్ జిల్లాలను మనసులో పెట్టుకుని సాగుతాయి. దొడ్డి కొమరయ్య 1946 జులై 4న నేలకొరిగిన కడవెండి అక్కడిది, చిట్యాల ఐలమ్మ పాలకుర్తి అక్కడిది, లక్షన్నర ఎకరాల దొర జన్నారెడ్డి ప్రతాపరెడ్డి అక్కడివాడు. మెదక్ మాటేమిటి? ఆంధ్ర మహాసభ తొలి సమావేశం 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగింది జోగిపేటలో, అంటే ఇప్పటి సంగారెడ్డి జిల్లాలో. ఆ సభే 1940లలో వామపక్షం చేతికొచ్చి ఊళ్లలో ‘సంఘం’ అయింది. అయినా సాయుధ పోరు మెదక్ పడమటి అంచును పెద్దగా తాకలేదు.

జహీరాబాద్ సంగతి ఇంకా వేరు. 1956 నవంబరు 1 దాకా ఆ తాలూకా బీదర్ జిల్లాలోది. రాష్ట్రాల పునర్విభజనలో జహీరాబాద్, నారాయణఖేడ్, న్యాల్‌కల్ ప్రాంతాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి, మిగతా బీదర్‌లో ఎక్కువ భాగం మైసూరుకు పోయింది. తెలుగు, కన్నడ, ఉర్దూ, మరాఠీ నాలుగూ వినపడే సంతలు ఇప్పటికీ అక్కడున్నాయి. బీదర్ జిల్లాకు 1948 జ్ఞాపకం సినిమాలో చూపిన 1948తో సరిపోదు. ఆ ఏడాది మే నెలలో బీదర్ జిల్లా గోర్టాలో రజాకార్లు మూకుమ్మడి హత్యలు చేశారు. సెప్టెంబరులో సైన్యం వచ్చాక కత్తి చేయి మారింది. నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిట్ సుందర్‌లాల్ కమిటీ హైదరాబాద్ రాజ్యం తిరిగి చూసి, పోలీసు చర్య అనిపించుకున్న ఆ సైనిక చర్య సమయంలోనూ ఆ తరవాతా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా కట్టింది. చనిపోయినవారిలో అత్యధికులు ముస్లింలు. అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతిన్నవిగా కమిటీ చెప్పిన నాలుగు జిల్లాలు ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు.

‘మా భూమి’లో ఈ అధ్యాయం లేదు. దాన్ని ఎలా అర్థం చేసుకోవాలన్న దగ్గర రెండు అభిప్రాయాలకు చోటుంది. సినిమా ఎంచుకున్నది నల్లగొండ తరహా ఊరు, అక్కడ వైరం దొరకూ కూలీకీ మధ్య, హిందువుకూ ముసల్మానుకూ మధ్య కాదు, కాబట్టి లేనిదాన్ని తెచ్చిపెట్టాల్సిన పనిలేదన్నది ఒకటి. దీనికి తోడుగా నవలను చూపవచ్చు. రాఘవరావుకు దారి చూపేవాడు మక్బూల్, కథ రాసింది ఉర్దూలో, నాటకం పుట్టింది బందగీ నెత్తుటి నుంచి. ‘మా భూమి’ మూలాల్లోనే ముస్లిం రైతూ, ముస్లిం కార్మికుడూ ఉన్నారు. రెండో అభిప్రాయం ప్రకారం, 1948 సెప్టెంబరు మీద అంత గట్టి తీర్పు చెప్పిన సినిమా, ఆ సైన్యం నీడలోనే జరిగిన మరో దారుణం గురించి ఒక్క మాటైనా అనకపోవడం లోటే. పేద రైతుకు ద్రోహం జరిగిందన్న మాట సగం నిజమై మిగిలిపోతుంది.

నాకు రెండోదే బలంగా కనిపిస్తుంది, ఒక సవరణతో. 1979 నాటికి ఆ నివేదిక జనానికి అందుబాటులో లేదు, వామపక్షాల రాతల్లోనూ ఆ మారణకాండకు దక్కిన చోటు తక్కువ. సినిమా మౌనం అప్పటి తెలంగాణ ప్రజారంగం మొత్తానిది. దర్శకుడి ఒక్కడి తలమీద మోపేది కాదు. కానీ ఆ మౌనం మీద చర్చ రావాల్సింది బీదర్ అంచున. హైదరాబాద్ సెమినారు గదుల్లో సెప్టెంబరు 17 మీద జరిగే వాదం ఎప్పుడూ విమోచన, విలీనం, విద్రోహం అనే మూడు ముక్కల దగ్గరే ఆగిపోతుంది. జహీరాబాద్‌లో నాలుగో ముక్క ఉంది. ఆ ఊళ్లలో అదే నెలకు ఒక ఇంట ఊరట, పక్క ఇంట మైల.

చంద్రి ఏమంది?

ఈ సినిమా మీద వచ్చిన విమర్శల్లో అన్నిటికన్నా నిలబడేది స్త్రీల వైపు నుంచి వచ్చిందే. రామయ్య జీవితం మలుపు తిరిగేది చంద్రి గడీకి పోవాల్సి వచ్చినప్పుడు. అతనికి కోపం వస్తుంది, ఊరు విడిచిపోతాడు, లోకం చూస్తాడు, నాయకుడవుతాడు. చంద్రి ఊళ్లోనే ఉంటుంది. ఆమె మీద జరిగిన అన్యాయం అతని చైతన్యానికి మెట్టయింది. ఆమె చైతన్యం మాటేమిటన్నది ఆ విమర్శ సారాంశం.

ఈ విమర్శకు చరిత్ర నుంచి గట్టి దన్ను దొరికింది. 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ను తెచ్చింది. చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం వంటివారు తమ నోటితో చెప్పిన పోరాటం అందులో ఉంది. దళంతో తిరుగుతూ అడవిలో కన్నబిడ్డను వదులుకోవలసి వచ్చిన కమలమ్మ మాటలున్నాయి. తుపాకి పట్టిన చేతులను విరమణ తరవాత వంటింటికి పొమ్మన్న వైనం ఉంది. ఆ పుస్తకం చదివాక ‘మా భూమి’ చూసినవారికి తెరమీద ఆడవాళ్లు తక్కువైనట్టు అనిపించడం సహజం. సినిమాను సమర్థించేవారు ఒక మాట అంటారు: ఆడబాపలు, దాసీలు, గడీకి పోక తప్పని ఆడపిల్లలు తెలుగు తెర మీద అప్పటిదాకా కనిపించనేలేదు, అంతవరకైనా చూపిన ఘనత దీనిదే. ఇదీ ఒప్పుకోవలసిందే. ఐతే నాకన్నా, విమర్శకులకన్నా గట్టి జవాబు నర్సింగరావే ఇచ్చారు. ఆయన స్వయంగా దర్శకత్వం వహించిన ‘దాసి’ 1988లో వచ్చింది. అందులో కథంతా గడీ లోపలే, అర్చన పోషించిన కమలాక్షి చుట్టూ. విప్లవం లేదు, ఊరేగింపు లేదు. అయిదు జాతీయ అవార్డులు వచ్చిన ఆ చిత్రాన్ని ‘మా భూమి’ తనకు తాను రాసుకున్న సవరణగా చదివితే చంద్రి మీది తగువు కొత్తగా కనిపిస్తుంది.

దళితుల వైపు ప్రశ్న 1985లో కారంచేడులో జరిగిన దళితుల హత్యల తరవాత పదునెక్కింది. వెట్టి చేసింది ఎవరు, సంఘానికి నాయకులైంది ఎవరు, పంచిన భూమి చివరికి ఎవరి పట్టాలోకి ఎక్కింది? పోరాట నాయకత్వంలో పైకులాల పాలు గురించి వచ్చిన విమర్శే సినిమాకూ తగిలింది. ఇక్కడ మాత్రం సినిమా కొంత తప్పించుకుంటుంది. నాయకుణ్ని పెద్దరైతు ఇంట పుట్టించలేదు, వెట్టివాడి కొడుకునే నాయకుణ్ని చేసింది. చరిత్రలో ఎక్కువ ఊళ్లలో జరిగింది ఇలా కాదు కదా అంటే, అది ఇంకో వాదం.

యాస మనది, కెమెరా ఎవరిది?

ఇక రెండో తగువు, తెలంగాణ కథను ఎవరు చెప్పాలన్నది. దర్శకుడు బెంగాలీ, అప్పటికి ముప్పై ఏళ్లు నిండనివాడు, బెంగాల్ ఆకలి మీద ‘హంగ్రీ ఆటమ్’ డాక్యుమెంటరీ తీసి వచ్చినవాడు. మూలకథ ఉర్దూది. పేరు కోస్తా కమ్యూనిస్టుల నాటకానిది. రామయ్యగా వేసిన సాయిచంద్ త్రిపురనేని గోపీచంద్ కొడుకు. ఇవన్నీ వరసపెట్టి, తెలంగాణ సినిమాలో తెలంగాణ ఎంత అని అడిగేవారు ప్రత్యేక రాష్ట్ర ఉద్యమకాలంలో కొందరు తేలారు. ప్రజ్ఞాపూర్ నర్సింగరావు, తూప్రాన్ గద్దర్, ఆ చిత్రంతో పరిచయమైన తెలంగాణ శకుంతల, మంగళపర్తి జనం వీరి కంటికి చాలలేదు కాబోలు.

అవతలి పక్షం వాదనకు యాసే ఆయువుపట్టు. తెలుగు సినిమాలో తెలంగాణ మాట అప్పటిదాకా రౌడీ నోటనో హాస్యగాడి నోటనో పలికేది. ఇందులో ఊరంతా అదే మాట్లాడింది, కథానాయకుడితో సహా. శ్యాం బెనెగల్ ‘అంకుర్’ (1974), ‘నిశాంత్’ (1975) తెలంగాణ ఊళ్ల కథలే అయినా మాట్లాడింది హిందీ, దక్కనీ. మృణాల్ సేన్ ‘ఒక ఊరి కథ’ (1977) తెలుగులోనే వచ్చింది గానీ ప్రేమ్‌చంద్ కథను ఇక్కడికి తెచ్చి నాటింది. ఈ మూడింటి పక్కన పెడితే ‘మా భూమి’ తెలంగాణకు ఎంత దగ్గరగా నిలబడిందో తెలుస్తుంది. పుట్టిన ఊరు చూసి సినిమాకు పౌరసత్వం ఇచ్చే వాదన ఎంతో దూరం నడవదు.

కెమెరా ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న మాత్రం ఊరికే పోదు. జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో అది వేరే రూపం ఎత్తింది. దూరదర్శన్‌లో పనిచేసి వచ్చిన పి.వి. సతీష్ తదితరులు 1980లలో మొదలుపెట్టిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో దళిత మహిళలు సంఘాలు కట్టి భూములు కౌలుకు తీసుకున్నారు, బీడు పడ్డ ఎర్ర నేలల్లో జొన్నా కొర్రా పండించారు. వారిలోనే కొందరు వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. వరంగల్ జిల్లాలో బీటీ పత్తి రైతుల కష్టాన్ని చిత్రించి దేశం బయట కూడా చూపించారు. మాచనూరులో 2008లో సంఘం రేడియో మొదలైంది. వీరి సినిమాలను ‘మా భూమి’తో కళగా పోల్చి లాభం లేదు, ఉద్దేశాలు వేరు. చూపు ఎక్కడ పడుతుందన్నది మాత్రం పోల్చదగ్గదే. ఘోష్ కెమెరా భూమి చేతికొచ్చే క్షణం దగ్గర ఉప్పొంగుతుంది. పస్తాపూర్ కెమెరా భూమి చేతికొచ్చాక మొదలవుతుంది: విత్తనం ఎక్కడిది, ఎరువు ఎవరు కొంటారు, పంట ఎవరి గాదెలోకి పోతుంది అని. మొదటి సినిమా అడగని ప్రశ్నలివి.

కళా, కరపత్రమా?

మూడో తగువు త్వరగానే ముగించవచ్చు, ఎందుకంటే ఇరుపక్షాలూ చెప్పేవాటిలో చాలాభాగం నిజం. సినిమా రెండో సగం పరుగులు తీస్తుంది. నగరం, సంఘం, రజాకార్లు, సైన్యం అన్నీ వెంటవెంటనే వచ్చిపోతాయి. మనుషులు సిద్ధాంతాలకు గొంతులైపోయే చోట్లున్నాయి. కరపత్రమన్న మాట అక్కడ అతుకుతుంది. మొదటి సగానికి అతకదు. అక్కడ కమల్ నాయక్ కెమెరా తొందరపడదు. పొలం గట్లు, గడీ గోడలు, ఎండలో పనిచేసే వెట్టివాళ్ల వీపులు కంటికి అలవాటయ్యేదాకా ఆగుతుంది. ఊరి మనిషి గడీ ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచిన కాలం అది. ఆ ఒదిగే అలవాటు మనిషి వెన్నులోకి ఎలా దిగుతుందో సంభాషణ లేకుండానే తెలుస్తుంది.

రెండు పాటల దగ్గర తగువు తాత్కాలికంగా ఆగిపోతుంది. ‘పల్లెటూరి పిల్లగాడా’ సుద్దాల హనుమంతు రాసినది, చదువుకు నోచక జీతానికి కుదిరి పసులు కాసే పసివాణ్ని పలకరించే పాట. ఆడగొంతు ఓదార్పులా మొదలవుతుంది, వింటూండగానే నేరారోపణ అవుతుంది. పాటలో ఎక్కడా గొంతు పెంచదు. సిద్ధాంతం ఒక్క ముక్క చెప్పకుండా వెట్టి అంటే ఏమిటో చెప్పేసింది. రెండోది బండి యాదగిరి పాట ‘బండెనక బండి కట్టి’. పోరాటకాలంలో పుట్టిన ఆ పాటను తెరమీద గద్దరే పాడాడు. గొంగడి, కర్ర, తొక్కే అడుగు, చుట్టూ జనం. అప్పటికి జననాట్యమండలి పాటగాడిగా ఊళ్లు తిరుగుతున్న మనిషి నటిస్తున్నాడా, ఆటలో ఉన్నాడా తెలియదు. ఆ పాట నిజాంను ఉద్దేశించినదే, కానీ తరవాతి నలభై ఏళ్లలో ఎవరు గద్దె మీదుంటే వారికి తగిలింది. 2023 ఆగస్టులో గద్దర్ పోయినప్పుడు ఎక్కడ చూసినా అదే వినిపించింది. ఖద్దరు దొర దృశ్యం మీద కొట్లాడుకునేవాళ్లు కూడా ఆ పాటకు చేయి కలిపారు.

నలుపు తెలుపు సంగతి. 1979 నాటికి తెలుగు తెర రంగులమయం. 1980 మొదట్లో వచ్చిన ‘శంకరాభరణం’ రంగుల చిత్రమే. ఇది ఖర్చు కోసం చేసుకున్న ఎంపికా, కళ కోసమా అని అడిగేవారున్నారు. ఏదైనా ఫలితం ఒకటే: చూసేవాడికి ఇది 1940లలోనే తీసిన దస్తావేజులా కనిపిస్తుంది. బలమూ అదే, చిక్కూ అదే. దస్తావేజులా కనిపించే కల్పనను జనం దస్తావేజుగానే ప్రశ్నిస్తారు, ఏ ఊరు, ఏ తేదీ, ఎవరి పేరు అని. రంగుల్లో తీసి ఉంటే సెప్టెంబరు 17 తగువులోకి దీన్ని ఇంత తేలిగ్గా ఈడ్చేవారు కాదు.

ఎవరు ఏ సగాన్ని చూస్తారు

వాదాలన్నీ పక్కపక్కన పెడితే ఒక సంగతి తేటపడుతుంది. మెచ్చుకునేవాళ్లు ఎక్కువగా మాట్లాడేది గడీ, వెట్టి, యాస, పాటల గురించి. అంటే మొదటి సగం. తగువు పడేవాళ్లు ఎక్కువగా మాట్లాడేది సైన్యం, ఖద్దరు, చివరి తుపాకి గురించి. అంటే ఆఖరి భాగం. స్త్రీల విమర్శ ఒక్కటే రెండు సగాలనూ కలిపి చూస్తుంది, ఎందుకంటే చంద్రికి జరిగిన అన్యాయం మొదటి సగంలోది, ఆమెకు దక్కని చోటు రెండో సగంలోది. బీదర్ వైపు ప్రశ్న సినిమాలో లేని భాగం గురించి. కార్లోవీ వారీ చిత్రోత్సవంలో చూసిన విదేశీ ప్రేక్షకుడికి ఈ తగువులేవీ తెలియవు, అతనికి అది భూస్వామ్యం మీద తిరుగుబాటు కథ, అంతే. దూరం పెరిగేకొద్దీ సినిమా నున్నబడుతుంది, దగ్గరయ్యేకొద్దీ గరుకుతనం తెలుస్తుంది.

తేలనివి ఇంకా ఉన్నాయి. 1948 తరవాతి భాగం పోరాటకారుల జ్ఞాపకానికి దగ్గరగా ఉందా, 1970ల నక్సలైటు రాజకీయానికి దగ్గరగా ఉందా అన్నది ఒకటి. నా ఉద్దేశంలో రెండోదానికే, అందుకే ఆనాటి కుర్రకారుకు అంతగా ఎక్కింది. ఊరి జనంతో తీసిన సినిమాలో ఆ జనం పాత్ర ఎంతవరకు అన్నది మరొకటి. మంగళపర్తివాళ్లు తెరమీద తమను తాము ఎలా చూసుకున్నారో విమర్శకులు అడిగింది తక్కువ, రాసింది ఇంకా తక్కువ.

ఇక పేరులోని ‘మా’ సంగతి. అది ఇప్పుడు జహీరాబాద్ వైపు మళ్లీ ప్రశ్న అయింది. జహీరాబాద్ నియోజకవర్గంలో న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో జాతీయ పెట్టుబడుల, ఉత్పాదక మండలి కోసం 12,635 ఎకరాలు అనుకున్నారు. పదిహేడు ఊళ్ల భూములు. పరిశ్రమలొస్తే కొలువులొస్తాయనేవాళ్లు ఒక పక్క, పరిహారం చాలదని ధర్నాకు కూర్చున్నవాళ్లు మరో పక్క. పట్టా భూమికి ఒక లెక్క, ప్రభుత్వం గతంలో పేదలకిచ్చిన అసైన్డ్ భూమికి ఇంకో లెక్క అన్న పేచీ అందులో ఉంది. అసైన్డ్ పట్టా చేతపట్టుకుని ఆర్డీవో ఆఫీసు మెట్లెక్కే రైతుకు రామయ్య కథ పనికొస్తుందా? సినిమాలో దొరకు ముఖముంది, గడీకి తలుపుంది. గెజెట్ నోటిఫికేషన్‌కు ఆ రెండూ లేవు. ‘మా భూమి’లో ‘మా’ అంటే ఎవరన్న వాదం ఇన్నాళ్లూ 1948 చుట్టూనే తిరిగింది. ఆ రెండు మండలాల్లో మాత్రం అది ఏ సర్వే నంబరు, ఎవరి పేరు, ఎకరానికి ఎంత అన్న వాదంగా నడుస్తోంది.